మా చిన్నాయన రేడియేటరు వైద్యం

మొన్న కొత్తకోట బైపాసు పక్కన దాబాలో టీ తాగుతూ కూర్చున్నాను. ఒక లారీ డ్రైవరు గబగబా లోపలికొచ్చి, వంట చేసే ఆమెను గుప్పెడు పసుపు అడిగాడు. ఎందుకని కూడా అడగకుండా ఆమె కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. అతను బయటికి పోయి దాన్ని రేడియేటరులో పోశాడు. నీళ్లు కారే చోట పసుపు గడ్డకట్టి చిల్లు మూసుకుంటుంది, మెకానిక్కు దగ్గరికి చేరేదాకా బండి నడుస్తుంది. లారీలవాళ్లకు ఇది పాత ఉపాయమే, తప్పేమీ లేదు. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. టీ సగంలో వదిలేసి లేచాను. మా చిన్నాయన గుర్తొచ్చాడు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు, అప్పుడే మా ఊళ్లో ఎవరిని కదిలించినా “ఆయనున్నప్పుడు ఊర్ల బండ్లకు డాక్టరున్నట్టే ఉండె” అంటున్నారు. ఆ మాట అనేవాళ్లలో ఒక్కరి బండి మీద కూడా ఆయన చెయ్యి పడలేదు. వాళ్లు తెలివైనవాళ్లు, దూరం నుంచే పొగిడారు. ఆ చెయ్యి పడింది నా బండి మీద.

నా బండి గురించి ముందు చెప్పాలి. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. చేతికర్రతో ఇంట్లో తిరుగుతాను, వీధి చివరిదాకా పోతాను. పాన్‌గల్‌కు ఇవతల ఉన్న మా ఊరి నుంచి మా చెలకకు, అంటే మెట్టపొలానికి, పోవాలంటే వాగు దాటాలి, రాళ్లగుట్ట చుట్టి పోవాలి. ఆ దారిలో స్కూటరు పోదు, ఆటో రాదు. నాన్న పోయాక వ్యవసాయం నా మీద పడిందని ఊరంతా జాలిపడింది. పడలేదు, నేనే పట్టుకున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అన్న, మూతపడిన ఒక రిసార్టులో అమ్మేస్తుంటే పాత క్వాడ్ బైకు ఒకటి తెచ్చిపడేశాడు. నాలుగు లావు చక్రాలు, మోటారుసైకిలు లాంటి హ్యాండిలు, బ్రేకు గేరు అన్నీ చేతితోనే. పిల్లలు దానికి కప్పబండి అని పేరు పెట్టారు. దాని మీద మొదటిసారి వాగు దాటి మా చెలక గట్టెక్కిన రోజు నేను బండి దిగకుండానే ఏడ్చాను.

బండి ఇచ్చినప్పుడే అన్న ఒక మాట అన్నాడు. “ఈ వానకాలం జేసి సూడు. నీ అంతట నువ్వు పోయి చేసుకుంటె నీ ఇష్టం, నేనడ్డం రాను. కాకపోతె కౌలుకిద్దం. ఎవరికన్న ఇద్దం.” న్యాయమైన మాటే. అంటే నా చెలక నాకు ఉండడం ఆ పాత బండి నడవడం మీద ఉంది, ఆ పాత బండి నడవడం దాని ముందు జాలీ వెనకున్న రేడియేటరు మీద ఉంది. ఇంజను చుట్టూ తిరిగిన వేడినీళ్లు అక్కడికొచ్చి చల్లబడి పోవాలి. రిసార్టులో కుర్రకారు తోలి తోలి దాన్ని సగం చంపారు. మిగతా సగం మా చిన్నాయన వంతుకొచ్చింది.

ఆయన మా నాన్నకు తమ్ముడు. వాళ్లింటికీ మా ఇంటికీ నడుమ ఒక గోడ. వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్లు లారీ తోలాడు. కొత్తకోట నుంచి కర్నూలు, కర్నూలు నుంచి కొత్తకోట, అంతే. కానీ ఆయన నోట వింటే బీచుపల్లి వంతెన ఆయన లారీ దాటడానికే కట్టారనిపించేది. లారీ ఎందుకు మానేశాడో మాత్రం చెప్పేవాడు కాదు. ఆ సంగతి ఓనరును అడగాల్సింది, ఎవరూ అడగలేదు. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుందన్న సామెత విన్నప్పుడల్లా నాకు ఆయన తువ్వాల భుజం మీద వేసుకుని మా వాకిట్లోకి రావడమే కనిపిస్తుంది.

బండి దగ్గరికి రాగానే చెప్పులు విడిచేవాడు. భక్తి కాదు, నలుగురూ చూడాలని. తర్వాత చెయ్యి తిప్పి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చేతి వెనకభాగంతో రేడియేటరును తాకి కళ్లు మూసుకునేవాడు. స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు, ఇంకో కొన చెవికి ఆనించి వినేవాడు. ఏం వినపడేదో ఆయనకే తెలియాలి. చివరికి లేచి మెడ తుడుచుకుని ఎప్పుడూ ఒకటే తీర్పు చెప్పేవాడు.

“మిషిను అంటె మనిషే బిడ్డా. మనిషికేం జేస్తమో దానికి గదే జెయ్యాలె.”

వినడానికి బాగుంటుంది. టీకొట్టు దగ్గర ఈ మాటకు తల ఊపనివాడు లేడు. కానీ ఆయన దాన్ని నిజమనుకున్నాడు, అదీ నా ఖర్మ. ఒకరోజు నేను వనపర్తి నుంచి తెచ్చిన కూలెంటు డబ్బా మూత తీస్తుంటే గోడ మీదుగా తొంగిచూశాడు.

“ఏం పోస్తున్నవే అందుల?”

“కూలెంటు చిన్నాయనా.”

“పచ్చనీళ్లు! రంగు గలిపి అమ్ముతుండ్రు, నువ్వు కొంటున్నవ్. ఎండకాలం మనమేం తాగుతం?”

“నీళ్లు.”

“ఏం నీళ్లు?”

“కుండనీళ్లు.”

“మరి?” అని నవ్వాడు, పెద్ద చిక్కుముడి విప్పినట్టు.

ఆ సాయంత్రం నేను బయటికి రాకముందే కూలెంటంతా నేలపాలు చేసి, వాళ్లింటి కుండలో చల్లారిన బోరునీళ్లు రేడియేటరు నిండా పోశాడు. మా బోరునీళ్లు పడితే నాలుగు రోజులకే స్టీలు బిందె లోపల తెల్లటి పొర కడుతుంది. అదే పొర రేడియేటరులోని సన్నటి గొట్టాలకు కడితే నీళ్లు తిరగవు. ఇదంతా ఓపికగా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన తాళంచెవితో చెవి గోక్కున్నాడు. చెప్పడం అయిపోయాక “అయింది గద? ఇగ చల్లగుంటది” అన్నాడు. ఇంకోసారి కూలెంటులో వేలు ముంచి నాలుకకు రాసుకుని “తియ్యగున్నది, షర్బత్ లెక్క” అన్నాడు. అది విషమని అరిచాను. ఆయనకేమీ కాలేదు. విషం కూడా ఆయన్ని లెక్కచేయలేదు.

ఇంజను వేడెక్కేదాకా నీళ్లను ఆపి, వేడెక్కాక వదిలే చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది, థర్మోస్టాట్ అంటారు. నేను బ్యాంకు పని మీద వనపర్తి పోయిన రోజు దాన్ని పీకేశాడు, నీళ్లకు అడ్డం పడుతోందట. బిగించగా మిగిలిన బోల్టులు చొక్కా జేబులో వేసుకున్నాడు, కంపెనీవాడు ఊరికే ఎక్కువ పెట్టాడట. ఇంజను మితిమీరి వేడెక్కితే హ్యాండిలు దగ్గర ఎర్రలైటు వెలుగుతుంది. దాని బల్బు తీసేశాడు.

“అదెందుకు తీసినవ్ చిన్నాయనా?”

“ఊకె వెలుగుతది, ఊకె పరేషాన్ జేస్తది. ఇంట్ల ఆడోళ్ల లెక్క.”

మనిషంతా ఆ మాటలో ఉన్నాడు. ఏదో తేడా ఉందని చెప్పేదాన్ని ఆయన భరించలేడు. మనిషి చెబితే నోరు మూయిస్తాడు, బల్బు చెబితే బల్బు పీకేస్తాడు. నేను తాళంచెవి దాస్తే తీగలు కలిపి స్టార్టు చేశాడు, దాన్నీ వీధిలో గొప్పగా చెప్పుకున్నాడు. మా పాలోళ్లతో, అంటే దాయాదులతో, మొరపెట్టుకుంటే “పెద్దోడు, నీ మేలు కోరే జేస్తుండు. జర ఓర్సుకో” అన్నారు. మేలు కోరేవాళ్ల నుంచి కాపాడమని ఏ స్టేషనులో ఫిర్యాదు ఇవ్వాలి?

ఏరువాక పున్నమి వచ్చింది. మా దిక్కు ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, దండలు వేసి ఊరేగిస్తారు. ఎద్దులు లేనివాళ్లు ట్రాక్టరుకు చేస్తారు. మా ఇంట్లో ఎద్దులూ లేవు, ట్రాక్టరూ లేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి వాకిట్లో చిన్నాయన, చుట్టూ వీధి జనం, నడుమ నా బండి. పసుపు, కుంకుమ బొట్లు. ముందు జాలీకి అడ్డంగా కొత్త జాకెట్టు గుడ్డ, దాని మీద అరచేతి మందాన బంతిపూల దండ. రేడియేటరుకు గాలి ఎటునుంచి వస్తుందో సరిగ్గా అటే మూసేశాడు. నేను నోరు తెరిచేలోపే కొబ్బరికాయ ఎత్తి ముందు గార్డు మీద కొట్టాడు. ఒక దెబ్బకు పగల్లేదు. రెండోసారి తన బలమంతా పెట్టి కొట్టాడు, గురి తప్పి కాయ జాలీలో దిగింది. అందరూ దండం పెట్టారు. నేనూ పెట్టాను, ఏం చేస్తాను.

అప్పుడు జరిగింది నాకు తర్వాత, చూసిన పిల్లలు చెబితే తెలిసింది. కాయ దెబ్బకు రేడియేటరు చిట్లి నీళ్లు కారడం ఆయన చూశాడు. జనం పోయేదాకా దాని ముందు తువ్వాల పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పూజ పళ్లెంలో మిగిలిన పసుపంతా మూత తీసి లోపల పోశాడు. కారడం ఆగింది. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పదును. వాన కురిసి వెలిసి నేల విత్తనానికి సరిగ్గా ఒప్పుకునే ఆ ఒకటి రెండు రోజులే మా ఎర్రచెలకలకు ప్రాణం. ట్రాక్టరు తోలేవాడు, కూలికి వచ్చే ఆడవాళ్లు పొద్దున్నే చెలకకు చేరి నాకోసం ఎదురుచూస్తున్నారు. మక్కజొన్న విత్తనాల సంచి వెనక కట్టుకుని బయల్దేరాను. వాగు దగ్గర ఇసుకలో చక్రాలు దిగి బండి రొప్పింది. ఎర్రలైటు వెలగలేదు, వెలగడానికి బల్బు లేదు. ఇంజను గడగడమని కొట్టుకుని, ఆవిరి చిమ్మి, ఆగిపోయింది. చుట్టూ ఇసుక. కర్ర మోపితే కర్ర దిగుతుంది. అక్కడే బండి మీద కూర్చుని కేకలు వేశాను. కూలీ ఆడవాళ్లు విని వచ్చారు. ఎవరో ఫోను చేస్తే ఒకరి మోటారుసైకిలు వెనక కూర్చుని చిన్నాయన కూడా వచ్చాడు.

దిగుతూనే అందరికీ వినపడేలా అన్నాడు. “ఆడోళ్ల చేతికి ఇంజనిస్తె గిట్లనే ఐతది.”

“మూత తియ్యకు చిన్నాయనా, కాలుతున్నది” అన్నాను.

“నాకు చెప్తున్నవా?” అని తువ్వాల వేసి మూత తిప్పాడు. లోపలున్నదంతా ఒక్కసారిగా పైకి లేచి ఆయన బనీను మీద పడింది. ముంజేయి మీద బొబ్బ లేచింది. అయ్యో అనలేదు నేను. అందరూ ఆ నీళ్లనే చూస్తున్నారు. చిక్కటి పసుపు రంగు.

“బండికి పెండ్లి జేస్తున్నరా ఏంది, పసుపునీళ్లు పోసిండ్రు?” అంది కూలీ ఆడవాళ్లలో ఒకామె. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే అక్కడి నుంచి మా అన్నకు ఫోను చేశాడు. “పిల్లతోటి కాదుర. నడివాగుల కూసున్నది. నేనే జూస్కుంట తియ్యి.” నేను బండి మీద కూర్చుని ఆ మాటలన్నీ విన్నాను. ఆ చెలక రెండేళ్లు ఆయన కౌలుకు పోయింది.

ఇది ఆయన పథకమని కొందరు చెవిలో చెప్పారు. కాదు. పథకం వేసి ఉంటే నేను ఆయన్ని కొంతైనా గౌరవించేదాన్ని, దానికి కొంచెం బుర్ర కావాలి. ఆయన తనకు తెలియకుండానే నా కాళ్లు విరగ్గొట్టి, తెలియకుండానే నా స్థలంలో కూర్చున్నాడు. తాను చేసినదానికీ దాని ఫలితానికీ సంబంధం ఉందన్న అనుమానం ఆయనకు జీవితంలో ఒక్కసారీ రాలేదు.

బండిని ట్రాలీలో వేయించి కొత్తకోటలో రేడియేటర్లు అతికే దుకాణానికి పంపాను, వెనకే నేనూ పోయాను. లోపలి గొట్టాలు విప్పి చూసిన మెకానిక్కు “ఇందుల పప్పు వండిండ్రా అమ్మా?” అన్నాడు. పసుపు గట్టిపడి, బోరునీళ్ల సున్నంతో కలిసి గచ్చులా ఉంది. అంతా కడిగి, చిట్లినచోట అతికి, కాలిపోయిన గ్యాస్కెట్టు మార్చి, థర్మోస్టాట్ కొత్తది వేసి ఇచ్చారు. బల్బు నేను పెట్టించాను.

ఆ రోజు నుంచి నా బండి మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. ఫోనులో వీడియోలు చూశాను, తెలియంది నలుగురిని అడిగాను. చెలక నుంచి వచ్చాక ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, జాలీ విప్పి, రేడియేటరు రేకుల్లో ఇరుక్కున్న బురద, గడ్డిపూతను వెనకవైపు నుంచి సన్నటి ధారతో కడుగుతాను. గట్టిగా కొడితే ఆ పలుచటి రేకులు వంగిపోతాయి, గాలి దూరదు. రబ్బరు పైపులను వేళ్లతో నొక్కి చూస్తాను, పగుళ్లుంటే వేళ్లకే తెలుస్తాయి. ఫ్యాను తిరుగుతుందో లేదో చూస్తాను, చక్రం దగ్గరి చిన్న డబ్బాలో కూలెంటు గీత దాకా ఉందో లేదో చూస్తాను. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు, కూలెంటు కలిపే పోస్తాను, వేరే నీళ్లు చుక్క కూడా కాదు. ఇదేం విద్య కాదు. అన్నం వండినచోట గిన్నెలు కడుక్కోవడం లాంటి పని. దానికి చెప్పులు విడవాల్సిన అవసరం లేదు.

చెలక ఆయన చేతిలో ఉన్నా నేను రోజూ పోయేదాన్ని. పోయి గట్టు మీద కూర్చునేదాన్ని. పొలందాక రాలేకపోయిందనే మాట ఇంకోసారి ఎవరి నోటా రాకూడదని నా పట్టుదల. అక్కడ కూర్చుని ఆయన సేద్యం చూడడం ఒక శిక్ష. పదును పోయాక విత్తేవాడు. గట్టు తెగితే వాన మీద కోపగించుకునేవాడు. పంట సరిగ్గా రాకపోతే ఆడలేక మద్దెల ఓడన్నట్టు “ఈ నేలల సత్తువ లేదు” అనేవాడు. మా నాన్న ఆ నేల మీదే మమ్మల్ని చదివించాడు.

ఒకరోజు ఊరవతల ఏటవాలు రాతిబండ మీద బండి ముందుచక్రాలు పైకెక్కించి, రేడియేటరు మూత తీసి, ఇంజను ఆడిస్తున్నాను. కొత్తగా కూలెంటు పోసినప్పుడు లోపల గాలి చిక్కుకుంటుంది, ముందుభాగం ఎత్తులో ఉంటే బుడగలన్నీ పైకొచ్చి పోతాయి. చిన్నాయన అటుగా వచ్చి నిలబడ్డాడు.

“ఏందే, బండితోని సూర్యునికి మొక్కిస్తున్నవా?”

రెండేళ్ల నుంచి గొంతులో ఉన్నది అప్పుడు బయటికొచ్చింది. “చిన్నాయనా, ఏరువాక నాడు రేడియేటర్ల పసుపు పోసింది ఎవరు?”

తడుముకోలేదు. “నేనే. ఓడుతుండె, పోసిన.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తె నువ్వు పరేషాన్ ఐతవని.”

“నీ వల్ల నా పదును పోయింది. నా చెలక పోయింది.”

ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. ముఖం చిన్నబోయింది. ఒక్క క్షణం, తన తప్పు తెలిసిందేమో అనుకున్నాను. తువ్వాల దులిపి భుజాన వేసుకుని అన్నాడు. “నా పసుపుంటెనే నువ్వు వాగుదాక పోయినవ్. లేకుంటె వాకిట్లనే ఆగిపోతుండె. ఆ ఇగురం, ఆ తెలివి లేదు నీకు.”

బుడగలు ఆగిపోయాయి. మూత బిగించుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆయనతో నేను మాట్లాడలేదు.

ఈ మృగశిర కార్తెలో చిన్నాయనకు వారం రోజులు ఛాతీలో నొప్పి. గ్యాసన్నాడు, జీలకర్ర నీళ్లు తాగాడు. చిన్నమ్మ, అంటే ఆయన భార్య, వనపర్తి దవాఖానకు పోదామని కాళ్లావేళ్లా పడింది. “దవాఖానకు పోతెనే రోగం పుడ్తది, నీకు తెల్వదు” అన్నాడు. పొద్దున వేపపుల్లతో పళ్లు తోముకుంటూ వాకిట్లోనే పడిపోయాడు. గోడ మీదుగా చిన్నమ్మ కేక విని పోయాను. అప్పటికే అయిపోయింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక ఆడమనిషి మాట వినడం కన్నా చావడం ఆయనకు సులువైంది.

పదకొండు రోజులు మైల. మాది ఒకే ఇంటిపేరు, ఒకే పాలు. ఆ రోజుల్లో మావాళ్లు విత్తనం ముట్టరు, సాలు తోలరు. మూడో నాడు వాన పడింది, మంచివాన. నాలుగో నాడు పొద్దున్నే వాకిట్లో మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కాను. పదును. కౌలుదారు లేడు. అన్న దినాలయ్యాక మాట్లాడదామన్నాడు. అంటే దినాలయ్యాక చిన్నాయన కొడుక్కు ఇద్దామని. అప్పటికి పదును ఉండదు, ఆలస్యంగా విత్తి నేల మీద నింద వేసేవాడు ఇంకొకడు వస్తాడు.

చిన్నమ్మ దగ్గరికి పోయాను. మూల చాప మీద కూర్చుని ఉంది. ఏమీ చెప్పకుండానే నా చేతిలో మట్టి చూసింది. “పెండ్లైన కాడికెల్లి నేనేమన్నా నీకు తెల్వదు అనెటోడు” అంది మెల్లగా. “నాకు తెల్సు బిడ్డా. మాది నాగర్‌కర్నూల్ దిక్కు, చెలకలల్లనే పుట్టిన. పదును ఆగదు. పో.”

ట్రాక్టరాయన రానన్నాడు. మైల ఉన్న ఇంటి భూమిలో సాలు తోలితే తన బండికి కీడట. దుక్కి ఎండాకాలంలోనే దున్ని ఉంది, సాళ్లు పడితే చాలు. పాత తేలికపాటి గొర్రు ఒకటి కొట్టంలో ఉంటే కప్పబండి వెనక తాడుతో కట్టాను. కూలీ ఆడవాళ్లకు మా మైల లేదు, వాళ్లు వచ్చారు. నేను ముందు సాలు తోలుతుంటే వాళ్లు వెనక గింజలు వేసి కాలితో మట్టి కప్పుకుంటూ నడిచారు.

మనిషి నడిచేంత మెల్లగా, వెనక బరువు లాగుతూ, జూన్ ఎండలో. ఇంతకన్నా కష్టమైన పరీక్ష ఆ ఇంజనుకు లేదు. ముందు నుంచి గాలి రాదు, ఫ్యాను ఒక్కటే దిక్కు. నా కళ్లు సాలు మీద ఒకటి, ఎర్రలైటు మీద ఒకటి. మధ్యాహ్నానికి లైటు వెలిగింది. ఆపి, చెట్టునీడకు తోలి, ఇంజను ఆడుతుండగానే ఫ్యానుకు వదిలేసి కూర్చున్నాను. మూత జోలికి పోలేదు. లైటు ఆరింది. మళ్లీ మొదలుపెట్టాం. పొద్దుగూకకముందే చివరి సాలు అయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూలీ ఆడవాళ్లు చేతులు కడుక్కుని, అలసిపోయి, నా వెనక ఇద్దరు ఎక్కి, మిగతావాళ్లు నడిచి ఇంటికొచ్చాం.

మర్నాటికి ఊరంతా నిప్పే. పాలోళ్లు నా ముఖం చూడలేదు.

పదకొండో నాడు వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినాయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, దూరం జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడాలి. కోడికూర, గారెలు, కల్లు, బీడీకట్ట. కాకి రాలేదు. కొడుకు మొక్కుకున్నాడు, రాలేదు. చిన్నమ్మతో చేతులు జోడింపించారు, రాలేదు. ఎండ నెత్తికెక్కింది. ఆకాశంలో ఒక్క పిట్ట జాడ లేదు. ఏదో కోరిక మిగిలిందన్నారు. అందరూ మెల్లగా నా వైపు తిరిగారు.

మా పాలోళ్లలో పెద్దాయన దగ్గరికొచ్చాడు. “ఒక్క మాట అను బిడ్డా. భూమి ఆయన కొడుక్కే ఇడుస్తనని. పిట్ట ముడ్తది, ఆయన జీవుడు సల్లగ పోతడు.”

అంతమంది నడుమ, చచ్చినవాడి విస్తరి ముందు, కాదనడం చిన్న సంగతి కాదు. “ముట్టకున్నా ఇయ్య” అన్నాను.

పెద్దాయన మా అన్న వైపు చూశాడు. అన్న నేల చూపులు చూస్తూనే అన్నాడు. “నన్నేమడుగుతరు? విత్తినోళ్లను అడుగుండ్రి.”

చివరికి విస్తరి ఆవుకు పెట్టారు. నేను ఉండలేక, బండి ఎక్కి అటునుంచి అటే చెలకకు పోయాను.

గుట్ట మలుపు తిరిగేసరికి కనిపించాయి. మా ఊరి కాకులు, పక్క ఊళ్ల కాకులు, అన్నీ నా చెలకలో ఉన్నాయి. సాలు వెంబడి వరసగా నడుస్తూ, అప్పుడే నేల చీల్చుకుని లేచిన మక్కమొలకను ముక్కుతో పట్టి లాగి, అడుగున మెత్తబడ్డ గింజను తింటున్నాయి. అక్కడ ఊరంతా కోడికూర పెట్టి బతిమాలుతుంటే ఇక్కడ నా విత్తనం తింటున్నాయి.

పోయినవాళ్లు కాకి రూపంలో వస్తారని మావాళ్ల నమ్మకం. ఆ క్షణంలో నాకు అందులో ఏ అనుమానమూ లేదు. బండిని సాళ్ల నడుమకు తోలి, వంగి మట్టిపెల్ల తీసి విసిరాను. “పో చిన్నాయనా! పో! ఇది నాది!” గుట్ట మారుమోగేలా అరిచాను. నల్లగా లేచి అన్నీ వాగు వైపు పోయాయి. ఒక్కటి మాత్రం గట్టు రాయి మీద కూర్చుండిపోయింది. తల పక్కకు వంచి, నేను చేసేదంతా తప్పని చెప్పబోతున్నట్టు నన్నే చూస్తోంది. ఇంకో పెల్ల తీసుకున్నాను.